హోల్ గ్రెయిన్ ప్యాన్‌కేక్ మిక్స్: చాలాకాలం వాడాక నా సమీక్ష

హోల్ గ్రెయిన్ (పొట్టు తీయని ధాన్యం) ప్యాన్‌కేక్ మిక్స్ ఒకసారి కొని, మళ్లీ దాని జోలికి వెళ్లనివాళ్లు నాకు చాలామంది తెలుసు. వాళ్లు చెప్పే కారణాలు దాదాపు ఒకటే. బరువుగా ఉన్నాయంటారు, నోట్లో గరుకుగా తగులుతున్నాయంటారు, పైన మాడి లోపల పచ్చిగా మిగులుతున్నాయంటారు. నేను కొన్నేళ్లుగా ఈ రకం మిక్స్‌నే వాడుతున్నాను. సెలవు రోజుల్లో తీరిగ్గా చేశాను, పని రోజుల్లో హడావిడిగానూ చేశాను. పాలతో, మజ్జిగతో, గుడ్డు లేకుండా కూడా చేసి చూశాను. నాకు అర్థమైంది ఏమిటంటే, లోపం ధాన్యంలో లేదు. ప్యాకెట్ వెనక ఇచ్చే పద్ధతి చాలాసార్లు మైదా మిక్స్ కోసం రాసినట్టు ఉంటుంది. పొట్టుతో సహా పట్టించిన పిండికి తడి ఎక్కువ కావాలి, నానడానికి సమయం కావాలి, మంట తక్కువ కావాలి. ఈ మూడూ అమరితే అదే మిక్స్‌తో ప్యాన్‌కేకులు మెత్తగా, ఎత్తుగా వస్తాయి. గోధుమ రుచి కూడా చక్కగా తెలుస్తుంది. అది అలవాటయ్యాక మైదాతో చేసినవి నాకు చప్పగా అనిపిస్తున్నాయి.

నేను వాడే మిక్స్‌లో హోల్ వీట్ పిండి, ఓట్స్ పిండి, కొంచెం బక్‌వీట్ (కుట్టు) పిండి, అవిసె గింజల పొడి, మజ్జిగ పొడి, బేకింగ్ పౌడర్, ఉప్పు, కాస్త చక్కెర ఉంటాయి. పాలు, గుడ్డు, నూనె మనం కలుపుకోవాలి. కంపెనీ మారినా ఈ రకం మిక్స్‌లు ఇంచుమించు ఇలాగే ఉంటాయి.

అన్నిటికంటే ముఖ్యమైనది నానబెట్టడం. గోధుమ గింజ పైపొరలో పీచు ఎక్కువ. అది నీటిని బాగా పీల్చుకుంటుంది, కానీ నెమ్మదిగా పీల్చుకుంటుంది. ఓట్స్, అవిసె పొడి కూడా అంతే, పైగా వాటిలోని జిగురు వల్ల పిండి క్రమంగా చిక్కబడుతుంది. కలిపిన వెంటనే పెనం మీద పోస్తే పొట్టు ఇంకా పొడిగానే ఉంటుంది. కాలేటప్పుడు చుట్టూ ఉన్న తడిని అది లాగేసుకుంటుంది. అందుకే నోట్లో ఇసుక తగిలినట్టు ఉంటుంది. 10 నుంచి 15 నిమిషాలు కదపకుండా వదిలేస్తే ఆ గరుకు చాలావరకు పోతుంది. ఒకే పిండిలో సగం వెంటనే, సగం కాసేపాగి కాల్చి పక్కపక్కన పెట్టి తినండి. రెండూ ఒకే ప్యాకెట్‌లోవంటే నమ్మబుద్ధి కాదు.

నానేసరికి పిండి గట్టిపడుతుంది కాబట్టి పాలు మొదటే కాస్త ఎక్కువ పోయాలి. ప్యాకెట్ మీద చెప్పిన కొలతకు నేను ప్రతి కప్పు మిక్స్‌కు రెండు మూడు టేబుల్ స్పూన్లు అదనంగా కలుపుతాను. కలిపినప్పుడు పల్చగా ఉందే అనిపిస్తుంది. పావుగంట తర్వాత చూస్తే గరిటెతో పోసినప్పుడు మెల్లగా జారి, దానంతట అదే గుండ్రంగా పరుచుకుంటుంది. కావలసింది ఆ జారే. సగం కాల్చేసరికి మిగిలిన పిండి ఇంకా చిక్కబడుతుంది, అప్పుడు మరో చెంచా పాలు చల్లి ఒక్కసారి తిప్పితే సరిపోతుంది. మిక్స్‌ను కప్పుతో కాకుండా తూకంతో తీసుకుంటే మంచిది. కప్పును పిండిలో ముంచి నొక్కి తీస్తే ఒకలా, చెంచాతో నింపితే ఒకలా పడుతుంది. ఆ తేడా 20, 30 గ్రాముల దాకా ఉంటుంది. అంత తేడా వస్తే పాల లెక్క తప్పుతుంది.

కలపడం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. పొడి పిండి కనబడనంత వరకు కలిపి ఆపేయాలి. చిన్న చిన్న ఉండలు నానేటప్పుడు వాటంతట అవే కరిగిపోతాయి. నున్నగా అయ్యేదాకా విస్క్‌తో కొడితే గ్లూటెన్ (గోధుమ పిండిని సాగేలా చేసే ప్రోటీన్) బిగుస్తుంది, ఉన్న గాలి కూడా పోతుంది.

పొంగడం దగ్గర కాస్త వివరంగా చెప్పాలి. మనకు దొరికే బేకింగ్ పౌడర్ ఎక్కువగా రెండు దశల్లో పనిచేసే రకం. తడి తగలగానే కొంత గ్యాస్ పుడుతుంది, మిగిలింది పెనం వేడి తగిలినప్పుడు పుడుతుంది. అందుకే పావుగంట నానినా పొంగు పెద్దగా తగ్గదు. అయితే అన్ని మిక్స్‌లూ ఇలా ఉండవు. పదార్థాల జాబితాలో సోడియం యాసిడ్ పైరోఫాస్ఫేట్, సోడియం అల్యూమినియం ఫాస్ఫేట్ లాంటి పేర్లుంటే అవి వేడికి పనిచేసే ఆమ్లాలు, నిశ్చింతగా నానబెట్టొచ్చు. వంటసోడా, దానికి తోడు మజ్జిగ పొడి లేదా క్రీమ్ ఆఫ్ టార్టార్ (ఒక పుల్లటి పొడి) మాత్రమే ఉంటే గ్యాస్‌లో ఎక్కువ భాగం కలిపిన వెంటనే వచ్చేస్తుంది. అలాంటిదాన్ని 5 నిమిషాలకు మించి ఆపను. ఈ ఒక్క విషయం ప్యాకెట్ మీద పెద్ద అక్షరాలతో రాస్తే ఎంతోమందికి మేలు జరుగుతుంది.

పాలకు బదులు మజ్జిగ పోస్తే ఇంకా మెత్తగా వస్తాయని చాలామంది చెబుతారు. రుచి బాగుంటుంది, నిజమే. కానీ మిక్స్‌లో ఆమ్లం, సోడా ఒకదానికొకటి సరిపోయేలా ముందే కలిపి ఉంటాయి. పాలు మొత్తం తీసేసి పుల్లటి మజ్జిగ పోస్తే ఆమ్లం మిగిలిపోతుంది. ప్యాన్‌కేక్ పుల్లగా ఉంటుంది, రంగు కూడా సరిగా రాదు. ఒక కప్పు మజ్జిగలోని పులుపును సరిచేయడానికి సుమారు అర టీస్పూన్ వంటసోడా పడుతుంది. ఆ లెక్కన అరకప్పుకు పావు టీస్పూన్ వేస్తే సరి. అంతకు మించితే సబ్బు వాసన వస్తుంది, రంగు మరీ ముదురుతుంది. రోజూ ఈ లెక్కలు ఎందుకనుకుంటే సగం పాలు, సగం మజ్జిగ పోసి సోడా జోలికి వెళ్లకండి. నేను ఎక్కువగా చేసేది ఇదే.

గుడ్డు ఈ మిక్స్‌కు చాలా అవసరం. పొట్టు ముక్కలు గ్లూటెన్ అల్లికను తెంపుతాయి. ఓట్స్, బక్‌వీట్‌లలో గోధుమ గ్లూటెన్ ఉండనే ఉండదు. ఆ లోటును గుడ్డు తీరుస్తుంది. గుడ్డు తిననివాళ్లు ఒక టేబుల్ స్పూన్ అవిసె పొడిని మూడు టేబుల్ స్పూన్ల నీళ్లలో కాసేపు నానబెట్టి ఒక గుడ్డుకు బదులు వాడొచ్చు. విరగకుండా వస్తాయి, ఎత్తు మాత్రం తగ్గుతుంది. అప్పుడు చిన్న సైజులో పోసుకుంటే లోపల బాగా ఉడుకుతుంది. కరిగించిన వెన్న వేసేవాళ్లు పాలు, గుడ్డు ఫ్రిజ్‌లోంచి తీసి కాసేపు బయట ఉంచాలి. చల్లటి పాలలో వెన్న గడ్డకట్టి అక్కడక్కడా పలుకులుగా మిగిలిపోతుంది.

ఇక మంట. మైదా ప్యాన్‌కేక్‌కు పెనం మీద 190 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండాలంటారు. హోల్ గ్రెయిన్ పిండి చిక్కగా ఉంటుంది కాబట్టి నేను 170, 180 మధ్యలో ఉంచుతాను. ఆ వేడిలో పైన మాడేలోపు లోపలి భాగానికి ఉడికే వ్యవధి దొరుకుతుంది. థర్మామీటర్ లేకపోతే నీటి చుక్క వేసి చూడండి. చుక్క కదలకుండా మెల్లగా మరిగితే వేడి చాలదు. సుయ్‌మని చిట్లి రెండు మూడు సెకన్లలో ఆవిరైపోతే బాగుంది. పూసలా గుండ్రంగా మారి పెనమంతా పరుగెడితే వేడి ఎక్కువైంది, మంట తగ్గించి కాసేపు ఆగాలి. మందపాటి పెనమైతే వేడెక్కడానికి 5 నిమిషాలైనా ఇవ్వాలి. మంట పెద్దది చేసి తొందరపెడితే మధ్యలో ఎక్కువ, అంచుల్లో తక్కువ కాలుతుంది. పెనానికి నూనె రాసి, పొడి గుడ్డతోనో పేపర్ టవల్‌తోనో తుడిచేయండి. పలచటి పూత మిగిలితే చాలు. నూనె మడుగులా ఉంటే మొదటి ప్యాన్‌కేక్ మచ్చలు మచ్చలుగా వస్తుంది. పెనానికి వెన్న రాస్తే అందులోని పాల పదార్థం త్వరగా మాడి చేదెక్కుతుంది, అందుకే వెన్నను నేను పిండిలోనే కలుపుతాను.

ఎప్పుడు తిరగేయాలన్నది కూడా ఇక్కడ మైదా కంటే వేరు. పిండి ముందే గోధుమ రంగులో ఉంటుంది కాబట్టి రంగు చూసి చెప్పలేం. చిక్కటి పిండిలో బుడగలు కూడా తక్కువగా పైకి వస్తాయి. అందుకని నేను అంచు చూస్తాను. చుట్టూ వేలు వెడల్పున మెరుపు పోయి పొడిబారినట్టు కనబడాలి, పైకి వచ్చిన బుడగ పగిలాక దాని గుంత పూడిపోకుండా అలాగే నిలవాలి. అప్పుడు అట్లకాడ కింద పెట్టి ఒక్కసారి తిరగేయాలి. రెండోవైపుకు సగం సమయం చాలు. తిరగేశాక అట్లకాడతో నొక్కకండి, దయచేసి. ఇంతసేపూ కాపాడుకున్న గాలి అంతా ఆ ఒక్క నొక్కుతో బయటకు పోతుంది. సైజు విషయానికొస్తే పావు కప్పు పిండి, అంటే సుమారు 60 మిల్లీలీటర్లు పోస్తే సరైన ప్యాన్‌కేక్ వస్తుంది. అంతకన్నా పెద్దవి మధ్యలో పచ్చిగా ఉండిపోతాయి.

ఉప్పు చాలిందో లేదో చూద్దామని పచ్చి పిండిని నాలుకకు రాసుకోవద్దు. గుడ్డు సంగతి అందరికీ తెలుసు. కాల్చని పొడి పిండిలో కూడా సాల్మొనెల్లా, ఈ కోలి లాంటి బ్యాక్టీరియా ఉండే అవకాశం ఉంది. చిన్న పిల్లలున్న ఇంట్లో ఇది గట్టిగా పాటించాలి.

ఆరోగ్యం కోసమే ఈ మిక్స్ కొంటున్నాం కాబట్టి లేబుల్ చదవడం తప్పదు. ముందు వైపు ‘మల్టీగ్రెయిన్’ అని ఉంటే పలు రకాల ధాన్యాలు ఉన్నాయని మాత్రమే అర్థం. అవి పొట్టు తీసినవి కూడా కావచ్చు. వెనక జాబితాలో పదార్థాలను బరువును బట్టి ఎక్కువ నుంచి తక్కువకు రాస్తారు, కాబట్టి మొదటి పేరు ‘హోల్’ అనే మాటతో మొదలవ్వాలి. ఆ తర్వాత పీచు చూడండి. 100 గ్రాముల హోల్ వీట్ పిండిలో సుమారు 10 గ్రాముల పీచు ఉంటుంది, మైదాలో 3 గ్రాముల లోపే. ప్రతి 10 గ్రాముల కార్బోహైడ్రేట్‌కు కనీసం ఒక గ్రాము పీచు ఉందా అని చూస్తే ప్యాకెట్ నాణ్యత త్వరగా తెలిసిపోతుంది. సోడియం కూడా చూడాలి. ఉప్పుతో పాటు వంటసోడా, బేకింగ్ పౌడర్‌లలోనూ సోడియం ఉంటుంది. పెద్దవాళ్లకు రోజుకు 2 గ్రాముల సోడియం మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. బీపీ ఉన్నవాళ్లు ఒక పూట ప్యాన్‌కేకులతో అందులో ఎంత అయిపోతోందో లెక్క చూసుకోవాలి.

బరువు తగ్గుతామన్న ఆశతో మాత్రం కొనకండి. హోల్ వీట్ పిండికి, మైదాకు కేలరీల్లో తేడా చాలా తక్కువ. మరీ మెత్తగా పట్టిన పిండి హోల్ వీట్ అయినా రక్తంలో చక్కెరను త్వరగానే పెంచుతుంది. పీచు, బి విటమిన్లు, మెగ్నీషియం ఎక్కువగా అందుతాయి, కడుపు నిండుగా ఉంటుంది. నాకు ఆ లాభం చాలు. పైన పోసే సిరప్ దగ్గర జాగ్రత్తపడకపోతే ఆ లాభం కూడా మిగలదు. ఒక టేబుల్ స్పూన్ మేపుల్ సిరప్‌లో దాదాపు 12 గ్రాముల చక్కెర ఉంటుంది. పండ్ల ముక్కలు, పెరుగు, వేయించిన గింజలు ఈ ప్యాన్‌కేక్‌లోని గోధుమ రుచికి సిరప్ కంటే బాగా కుదురుతాయి.

నాకు నచ్చని విషయం ఒకటుంది, అది నిల్వ. గింజలోని మొలక భాగంలో నూనె ఉంటుంది. పిండి పట్టాక ఆ నూనెకు గాలి తగిలి నెమ్మదిగా కంపు పడుతుంది. తెరిచిన ప్యాకెట్‌ను స్టవ్ పక్కన అలమారాలో పెడితే కొంతకాలానికి పాత నూనె వాసన, చివర్లో నాలుకకు చేదు వస్తాయి. ఈ రుచి చూసి హోల్ గ్రెయిన్ అంటేనే చేదు అనుకునేవాళ్లున్నారు. ప్యాకెట్ తెరవగానే గాలి చొరని డబ్బాలో పోసి ఫ్రిజ్‌లో, వీలైతే ఫ్రీజర్‌లో పెట్టండి. పాత మిక్స్ ఇంకా పొంగుతుందో లేదో అనుమానం ఉంటే ఒక చెంచా తీసి వేడి నీళ్లలో వేయండి. బుసబుసమని బుడగలు వస్తే వాడొచ్చు.

కలిపిన పిండిని రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి పొద్దున్నే కాల్చడం నాకు సంతృప్తినివ్వలేదు. చిక్కబడుతుంది, మొదటి దశ గ్యాస్ పోయి చదునుగా వస్తాయి. ఎక్కువ కావాలనుకుంటే ముందే కాల్చేసి, వైర్ ర్యాక్ మీద పూర్తిగా చల్లార్చి, మధ్య మధ్య బేకింగ్ పేపర్ పెట్టి ఫ్రీజర్‌లో దాచండి. వేడిగా ఒకదానిమీద ఒకటి పేరిస్తే ఆవిరికి చెమ్మబడతాయి. తినేటప్పుడు టోస్టర్‌లో వేడి చేస్తే అంచులు కరకరలాడతాయి, లోపల మెత్తగానే ఉంటుంది. మైక్రోవేవ్‌లో మెత్తబడతాయి కానీ చల్లారాక సాగుతాయి, అందుకే తప్పనిసరైతేనే వాడతాను.

దీన్ని ఇకముందు కూడా కొంటాను. పావుగంట ఆగే ఓపిక ఉన్న ఎవరికైనా ధైర్యంగా చెబుతాను. పొద్దున్న పది నిమిషాల్లో అంతా అయిపోవాలనుకునేవాళ్లకు, సెలవు రోజున కాల్చి ఫ్రీజర్‌లో దాచుకుంటేనే ఇది పనికొస్తుంది. మొదటిసారి కొనేవాళ్లు చిన్న ప్యాకెట్ తీసుకోండి, తయారీ తేదీ కొత్తదిగా ఉన్నది చూసుకోండి.