హిమాలయన్‌పై మెట్జెలర్ టూరెన్స్ టైర్లు: 19,200 కిలోమీటర్ల తర్వాత

నా రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411కు 2022 ఆగస్టులో వేయించిన మెట్జెలర్ టూరెన్స్ వెనుక టైరును 19,200 కిలోమీటర్లు తిరిగాక మొన్న నవంబరులో విప్పించాను. దాంతోపాటే వేయించిన ముందు టైరు ఇంకా బండికే ఉంది. నేను మహబూబ్‌నగర్‌లో ఉంటాను. బిందు సేద్యం పరికరాల పనిమీద వారంలో మూడు నాలుగు రోజులు వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల వైపు తిరుగుతాను. ఏడాదికి రెండుసార్లు నా భార్యతో కలిసి రెండు పెట్టెలు కట్టుకుని దూరప్రయాణం చేస్తాను. ఈ టైర్ల గురించి నేను చెప్పేదంతా ఈ రకమైన వాడకానికి వర్తిస్తుందే తప్ప, ఊళ్ళో పది కిలోమీటర్లు తిరిగేవారికీ, అడవి దారులే లక్ష్యంగా పెట్టుకున్నవారికీ అంతగా వర్తించదు.

బండితో వచ్చిన వెనుక టైరు 13,400 కిలోమీటర్ల వరకు వచ్చింది. జడ్చర్ల దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కి, కొత్తకోట, పెబ్బేరు మీదుగా బీచుపల్లి వంతెన దాటేదాకా బండి దాదాపు నిటారుగానే నడుస్తుంది కాబట్టి, అంచుల్లో రబ్బరు ఉండగానే నడిమి భాగం చదునైపోయింది. అలా చదునైన టైరుతో మలుపులో బండిని వంచితే, ఒక మెట్టు మీదనుంచి కిందికి జారినట్లు ఒక్కసారిగా ఒరుగుతుంది. మన్ననూరు దాటాక శ్రీశైలం ఘాట్‌లో ఆ ఒరుగుడు మొదటిసారి అనుభవమైనప్పుడు, వెనుక కూర్చున్న నా భార్య ఏమైందని అడిగింది. టైరు మార్చాలన్న నిర్ణయం ఆ రోజే జరిగింది.

ఎంపికకు ముందు నేను చేసిన ఉపయోగకరమైన పని ఏమిటంటే, నా బండి నిజంగా ఏ దారిలో నడుస్తున్నదో రెండు నెలలు రాసి పెట్టుకోవడం. పొలాలకు వెళ్ళే మనిషిని కాబట్టి సగం మట్టిదారే ఉంటుందని అనుకున్నాను. తీరా లెక్క చూస్తే పది కిలోమీటర్లలో తొమ్మిది తారు రోడ్డు మీదే. పెద్ద దిమ్మెల్లాంటి రబ్బరు గల టైరు చూడటానికి ఎంత బాగున్నా, తారు మీద దానికి నేలతో తగిలే భాగం తక్కువ కావడం వల్ల త్వరగా అరుగుతుంది, చప్పుడూ చేస్తుంది. అందుకే గాడులు తక్కువగా, రబ్బరు ఎక్కువగా నేలను తాకే రోడ్డు తరహా టైరు వైపు మొగ్గాను.

హిమాలయన్ 411కు ముందు 90/90-21, వెనుక 120/90-17 కొలతలు. స్పోకుల చక్రాలు కాబట్టి లోపల ట్యూబు తప్పనిసరి. టూరెన్స్ ఈ రెండు కొలతల్లోనూ దొరుకుతుంది. వెనుక టైరు మీద ఉండే 64S అన్న గుర్తులో 64 అంటే ఆ టైరు 280 కిలోల బరువు మోయగలదని, S అంటే గంటకు 180 కిలోమీటర్ల వేగం వరకు తట్టుకుంటుందని అర్థం. మన బండి ఆ వేగానికి దరిదాపుల్లోకి కూడా రాదు. కానీ ఇద్దరు మనుషులు, పెట్టెలు, నీళ్ళ క్యాను కలిపితే వెనుక చక్రం మీద పడే బరువు తక్కువేమీ కాదు కనుక, ఆ మొదటి అంకె మాత్రం తగ్గకుండా చూసుకోవాలి. వెడల్పు టైరు వేయిస్తే గ్రిప్ పెరుగుతుందని ఒకరిద్దరు మిత్రులు సలహా ఇచ్చారు. రిమ్ వెడల్పు మారకుండా టైరు మాత్రమే వెడల్పైతే దాని గుండ్రటి ఆకారం నొక్కుకుపోయి బండి బరువుగా తిరుగుతుంది కాబట్టి నేను ఆ సలహా తీసుకోలేదు.

కొనేటప్పుడు నాకు ఎదురైన ఇబ్బంది ఒకటి వివరంగా చెప్పాలి. హైదరాబాద్‌లో నేను మొదట వెళ్ళిన దుకాణంలో టైరు మీద కొంత ధర తగ్గిస్తామన్నారు. టైరు పక్కభాగంలో చిన్న గడిలో నాలుగు అంకెలుంటాయి. మొదటి రెండు అంకెలు ఏడాదిలో ఎన్నో వారమో, తర్వాతి రెండు ఏ సంవత్సరమో చెబుతాయి. నాకు చూపించిన దాని మీద 3118 అని ఉంది, అంటే 2018లో 31వ వారం. నాలుగేళ్ళ టైరది. వాడకపోయినా రబ్బరు గట్టిపడుతుంది, గట్టిపడిన రబ్బరు తడి రోడ్డును పట్టుకోదు. గాడుల లోతు చూసి కొత్తదనుకుని కొనేవారు నష్టపోయేది ఇక్కడే. ఎక్కువ దూరం తిరిగే టైరు కోసం వెతికేవారికి ఈ నాలుగు అంకెలు మరీ ముఖ్యం, ఎందుకంటే దాన్ని మనం మరో మూడేళ్ళు వాడబోతున్నాం. నేను ఆ టైరు వదిలేసి, మరో చోట నాలుగు నెలల కిందట తయారైన జత దొరికేదాకా రెండు వారాలు ఆగాను.

బిగించిన మరునాడు ఉదయం వెనుక చక్రంలో గాలి లేదు. బిగించేటప్పుడు టైరును రిమ్‌లోకి ఎక్కించే రాడ్డు కింద ట్యూబు నలిగి చిన్న చీలిక పడింది. అప్పటినుంచి టైరుతోపాటు కొత్త ట్యూబు, కొత్త రిమ్ టేపు (స్పోకుల కొనలు ట్యూబుకు గుచ్చుకోకుండా రిమ్ లోపల వేసే పట్టీ) కొనడమే కాక, బిగించే ముందు ట్యూబుకు కొద్దిగా గాలి నింపించి, దగ్గర నిలబడి చూస్తున్నాను. టైరు పక్కన ఉన్న బాణం చక్రం తిరిగే దిశలో ఉందో లేదో కూడా అప్పుడే చూసుకోవాలి.

ఇక పనితనం. పొడి రోడ్డు మీద మొదటి రోజు నుంచే బండి నడక మెత్తబడింది, మలుపుల్లో ఒరుగుడు ఒకే తీరుగా సాగింది. నాకు ఎక్కువ తృప్తినిచ్చింది తడి రోడ్డు మీద దాని పట్టు. 2023 జూలైలో డిండి నుంచి దోమలపెంట దాకా వాన ఆగలేదు. ఆ ఘాట్‌లో పాత టైర్లతో నేను బ్రేకు మీద కాలు పెట్టడానికే సంకోచించేవాణ్ణి. వీటితో ఆ సంకోచం లేదు.

వానాకాలంలో అలంపూర్ వైపు నల్లరేగడిలో మాత్రం ఇవి పనికిరావు. గాడులు లోతైనవి కాకపోవడంతో బంక మట్టి నిండిపోయి, టైరు నున్నటి గుండులా మారుతుంది. రోడ్డు తరహా టైరు ఏదైనా అంతే కాబట్టి దీన్ని నేను లోపంగా చూడను, కానీ ఆ పొలాల్లో రోజూ తిరిగేవారు దీన్ని ఎంచుకోకూడదు. మా వైపు ఎర్ర చెల్కల్లో, కంకర దారుల్లో నెమ్మదిగా వెళితే ఇబ్బంది లేదు. కోతల కాలంలో రోడ్డు మీద ఆరబోసిన వడ్ల మీద ఏ టైరూ నిలవదు, అక్కడ వేగం తగ్గించడమే దారి. సర్కారు తుమ్మ ముళ్ళ వల్ల మూడేళ్ళలో నాలుగు పంక్చర్లయ్యాయి. ట్యూబు టైరుతో అవి తప్పవని నేను ఒక అదనపు ట్యూబు పెట్టెలో ఉంచుకుంటాను.

అరుగుదలను గేజ్‌తో కొలిచి, ప్రతి 2,000 కిలోమీటర్లకు ఒకసారి రాసుకున్నాను. ఏప్రిల్, మే నెలల్లో తిరిగిన దూరానికి అరుగుదల స్పష్టంగా ఎక్కువ ఉంది. నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో ఎండ 43 డిగ్రీలు దాటినప్పుడు తారు ఎంత కాలుతుందో మనకు తెలిసిందే. గాలి తక్కువగా ఉన్న టైరు ప్రతి చుట్టులోనూ ఎక్కువగా నలిగి మరింత వేడెక్కుతుంది, ఆ వేడే రబ్బరును తినేస్తుంది. ఎండాకాలం గాలి తగ్గించి పెట్టమని పెట్రోలు బంకుల దగ్గర తరచుగా వినిపించే సలహాను అందుకే నేను పాటించలేదు. ఒంటరిగా వెళితే ముందు 25, వెనుక 32 పీఎస్‌ఐ, ఇద్దరం సామానుతో వెళితే వెనుక ఇంకొంచెం ఎక్కువ, అది కూడా తెల్లవారుజామున టైరు చల్లగా ఉన్నప్పుడే కొలుస్తాను. నా టైరు ఇంత దూరం రావడానికి కంపెనీ రబ్బరు ఎంత కారణమో ఈ అలవాటూ అంతే కారణమని నా నమ్మకం.

ఖర్చు విషయంలో నిజం చెప్పాలి. వెనుక టైరుకు నేను ఇచ్చిన ధర పాతదానికి దాదాపు రెండింతలు, తిరిగిన దూరం మాత్రం ఒకటిన్నర రెట్లకు కాస్త తక్కువ. అంటే కిలోమీటరుకు పడిన ఖర్చు పెరిగిందే కానీ తగ్గలేదు. డబ్బు ఆదా కోసమే ఎక్కువ మన్నే టైరు వెతికేవారికి ఈ లెక్క నచ్చకపోవచ్చు. నేను అదనంగా ఇచ్చింది శ్రీశైలం ఘాట్‌లో వానకు, వెనుక మనిషిని కూర్చోబెట్టుకుని నిశ్చింతగా దిగడానికి. గట్టి రబ్బరుతో ఇంతకన్నా ఎక్కువ దూరం వచ్చే టైర్లు ఉంటాయి, కానీ ఆ దూరం తడి పట్టును తగ్గించి వచ్చేదైతే నాకు అక్కర్లేదు.

విప్పేనాటికి వెనుక టైరు గాడుల్లో, ఇక మార్చాలని చెప్పే అరుగుదల గుర్తుకు పైన ఇంకా ఒక మిల్లీమీటరు మిగిలి ఉంది. ఎండాకాలమైతే ఇంకో రెండు వేల కిలోమీటర్లు లాగేవాణ్ణేమో. సెప్టెంబరు వానల్లో వెనుక చక్రం రెండుసార్లు జారినట్లు అనిపించడంతో అంత దూరం ఆగలేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి టైర్ల మీద జీఎస్‌టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గడం కూడా కలిసి వచ్చి, వెనుకకు మళ్ళీ టూరెన్స్ వేయించాను. ముందు టైరు గాడుల అంచులు రంపపు పళ్ళలా తయారై, అరవై వేగంలో సన్నటి హోరు మొదలైంది. లోతు ఇంకా సరిపడా ఉంది కాబట్టి ఈ ఎండాకాలం దాటించి, జూన్‌లో వానలు మొదలయ్యేలోపు దాన్ని కూడా మారుస్తాను.