కొలంబోలో ఒక్క రోజు: ఊళ్లోనే తిరగాలా, గాలె వెళ్లాలా?

డిసెంబరు దగ్గర పడిందంటే గుంటూరు, విజయవాడ కాలేజీల్లో టూర్ల గోల మొదలవుతుంది. ఈమధ్య అరకు, ఊటీలతో పాటు శ్రీలంక మాట కూడా వినిపిస్తోంది. పినాకిని ఎక్కి చెన్నై చేరితే అక్కడి నుంచి కొలంబోకు విమానంలో గంటన్నర ప్రయాణం. ప్యాకేజీ చివర ఒక రోజు 'మీ ఇష్టం' అని వదిలేస్తారు. పేచీ అంతా ఆ రోజు గురించే. సగం మంది కొలంబో చూద్దామంటారు, సగం మంది 120 కిలోమీటర్ల దూరంలోని గాలె కోటకు పోదామంటారు.

గాలె వైపు మొగ్గడానికి మొదటి కారణం రైలు. కొలంబో ఫోర్ట్ స్టేషన్ దాటిన కాసేపటికే పట్టాలు సముద్రం ఒడ్డుకు చేరతాయి. వెళ్లేటప్పుడు కుడి పక్క కిటికీ పట్టుకోండి. కొన్నిచోట్ల పట్టాలకూ అలలకూ మధ్య రాళ్ల గట్టు తప్ప ఇంకేమీ ఉండదు. దారిలో పెరలియ వస్తుంది. 2004 సునామీ ఒక రైలును ముంచేసి వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసింది అక్కడే.

కోటను 1588లో పోర్చుగీసులు మొదలుపెట్టారు, తర్వాత డచ్చివాళ్లు రాతితో గట్టి చేశారు. ఆ గోడలే సునామీ నుంచి లోపలి ఊరిని కాపాడాయి. ఇప్పటికీ అందులో జనం కాపురం ఉంటున్నారు. బురుజు మీద నిలబడితే క్రికెట్ స్టేడియం మొత్తం కనిపిస్తుంది. 2010లో మురళీధరన్ మన ఓజాను అవుట్ చేసి 800వ వికెట్ తీసింది ఆ గ్రౌండ్‌లోనే. మన కుర్రాళ్లకు డచ్చి చర్చి కన్నా ఇదే ఎక్కువ గుర్తుంటుంది, అందులో తప్పేం లేదు.

ఇక చిక్కు ఏమిటంటే, రైలుకు పోను రెండున్నర గంటలు, రాను రెండున్నర గంటలు. పైగా రద్దీ. నలభై మందిని ఒకే పెట్టెలో ఎక్కించడం అయ్యే పని కాదు. బస్సు మాట్లాడుకుంటే ఎక్స్‌ప్రెస్‌వే మీద త్వరగానే చేరతారు. కానీ ఆ రోడ్డు ఊళ్ల వెనక నుంచి పోతుంది, దారిలో సముద్రం కనిపించదు. అప్పుడిక సగం సరదా పోయినట్టే.

కొలంబోను చాలామంది షాపింగ్ ఊరుగా కొట్టిపారేస్తారు. నేషనల్ మ్యూజియం చూస్తే ఆ మాట అనరు. 1693లో డచ్చివాళ్లు కాండీ రాజుకు కానుకగా ఇచ్చిన సింహాసనం అక్కడ ఉంది. 1815లో బ్రిటిష్‌వాళ్లు పట్టుకుపోయి, 1934లో తిరిగిచ్చారు. దాని మీద కూర్చున్న చివరి రాజు శ్రీవిక్రమ రాజసింహుడు నాయక వంశం వాడు. మధుర నాయకుల బంధుగణం, అంటే మన తెలుగు మూలాలున్నవాళ్లే. ఆయన్ను వేలూరు కోటలో బందీగా ఉంచారు, 1832లో అక్కడే చనిపోయాడు. (రాకపోకలు అంతకు ఎన్నో శతాబ్దాల ముందు నుంచీ ఉన్నాయి. మన నాగార్జునకొండలో సింహళ విహారమే ఉండేది.)

అదే మ్యూజియంలో ఇంకో రాయి వెతకండి. చైనా నౌకాధిపతి జెంగ్ హె వేయించిన 1409 నాటి శాసనం అది. చైనీస్‌లో బుద్ధుడికి, తమిళంలో విష్ణువుకి, పర్షియన్‌లో అల్లాకి కానుకలు రాసి ఉంటాయి. 1911లో దొరికింది మాత్రం గాలెలో, కల్వర్టు మీద మూతగా! గాలెలో దొరికిన గొప్ప వస్తువును చూడాలంటే కొలంబోలోనే ఉండాలన్నమాట.

మిగతాది తేలిక. పేట బజారులో ఎర్ర మసీదు, సాయంత్రం గాల్ ఫేస్ మైదానంలో రొయ్యలు అద్దిన ఇస్సో వడ. లోటస్ టవర్‌ను కింద నుంచి చూస్తే చాలు, 351 మీటర్లు ఎక్కడి నుంచైనా కనిపిస్తుంది. శాకాహారులు వెల్లవత్త వైపు పోతే తమిళుల హోటళ్లలో ఇడ్లీ, దోసె దొరుకుతాయి.

నా లెక్క ఇది. పది పదిహేను మందే ఉండి, తెల్లవారుజామునే లేచే రకమైతే కళ్లు మూసుకుని గాలె రైలెక్కండి. నలభై మంది, ఇద్దరు లెక్చరర్లు అయితే కొలంబోయే మేలు. తప్పిపోయినవాళ్లు ఆటోలో హోటల్‌కు చేరుకుంటారు. మే నుంచి సెప్టెంబరు దాకా ఆ తీరం కల్లోలంగా ఉంటుంది, ఆ రోజుల్లో ఎటు వెళ్లినా నీళ్లలో దిగనివ్వకండి. పౌర్ణమి అక్కడ సెలవు రోజు, టికెట్లు కొనే ముందే క్యాలెండర్ చూసుకోండి. ఇక సగం అటు, సగం ఇటు అనే ఆలోచన రావడం ఖాయం. ఇద్దరు లెక్చరర్లూ ఒప్పుకుంటేనే దానికి సరేననండి.