కంది చేనులో దశపర్ణి కషాయం: పనితనం సరే, వడపోతతోనే తంటా

పది రకాల ఆకుల్ని పేడ, ఆవు మూత్రంతో మురగబెట్టి చేసే పురుగుల మందే దశపర్ణి. అది ఎట్లా చేయాలో మళ్లీ రాయను. ఏ ఆకు ఎన్ని కిలోలు, డ్రమ్ములో 40 రోజులు ఎట్లా మురగబెట్టాలి అన్నది ఎవర్నడిగినా చెప్తారు. వడపోత సంగతే ఎవరూ చెప్పరు. ఏళ్లుగా వాడుతున్నా నా కోపమంతా దాని మీదే.

మాది తాండూరు వైపు నల్లరేగడి, వాన మీద ఆధారపడ్డ కంది. వేప, సీతాఫలం, కానుగ, వావిలి, జిల్లేడు, ఉమ్మెత్త అన్నీ గట్ల మీదే దొరుకుతాయి. కానీ కషాయాన్ని ఒట్టి గోనెసంచిలో వడగట్టి పంపులో పోస్తే నాలుగు సాళ్లు పోకముందే నాజిల్ పట్టేస్తుంది. అసలు దొంగ ఆకు పీచు కాదు, పేడ జిగురు. విప్పి నోటితో ఊదే అలవాటుంటే మానుకోండి, అందులో ఉమ్మెత్త, పొగాకు ఉన్నాయి. చివరికి నాకు కుదిరిన దారి ఇది: గోనెలో ఒకసారి, పాత నూలుచీర మడతల్లో ఇంకోసారి వడగట్టి, రాత్రంతా కదపకుండా ఉంచి, పొద్దున పైతేట మాత్రమే వంచుకోవాలి. ఇక పొద్దు వాలాకే పిచికారీ. ఎండలో కొడితే వేప గుణం నిలవదు.

పేనుబంక, ఆకుచుట్టు పురుగు అదుపులో ఉన్నాయని మొదట్లో ఊరంతా చెప్పుకుని తిరిగాను. ఇప్పుడు కాస్త తగ్గించి చెప్తాను. గుడ్లు పెట్టనీయదు, చిన్న పురుగుకు తిండి సహించనీయదు. ముదిరిన పురుగు దీనికి లొంగదు.

పోయినేడు పూత నిండుగా ఉన్నప్పుడు మబ్బు పట్టి సన్నగా ముసురు పెట్టింది. తెరిపిచ్చాక చూస్తే పూగుత్తులన్నీ దారాలతో అల్లుకుపోయాయి. ఒక గుత్తి విప్పితే లోపల పాలిపోయిన ఒంటి మీద నల్లచుక్కలతో మారుకా పురుగు, దాని రెట్ట, తొలిచిన మొగ్గలు. కషాయం గూడు మీద బొట్లుబొట్లుగా నిలిచి జారిపోయింది. కుంకుడు రసం కలిపి కొట్టినా లోపలికి దిగలేదు. మొదటి పూత చాలావరకు పోయింది. కంది మళ్లీ పూసే పంట కాబట్టి రెండో పూత కొంత ఆదుకుంది.

శనగపచ్చ పురుగు పడ్డప్పుడు మాత్రం మా పెద్దమ్మ చూపిన పాత పద్ధతి కషాయాన్ని మించిపోయింది. సాళ్ల మధ్య చీర పరిచి, చెట్టు వంచి గట్టిగా దులిపితే పెద్ద పురుగులు టపటపా రాలాయి. మా కోళ్లకు పండగే. గూట్లో దాక్కున్న మారుకా అట్లా రాలదు.

అందుకే మొగ్గ దశకు ఇప్పుడు ఆకును నమ్ముకోను. 100 లీటర్లకు 5 కిలోల వేపగింజల పప్పు పొడి, అంటే 5 శాతం కషాయం, గూళ్లు కట్టకముందే కొడుతున్నాను. ఆకులో కన్నా గింజలోనే మందు గుణం ఎక్కువ.

మాది రెండెకరాలు, ఇంట్లో ఆవుంది, పనికి మేమే దిగుతాం. కాబట్టి నాకు గిట్టుబాటే. తాండూరు కందికి 2022లో జీఐ గుర్తింపు, అంటే ఈ ప్రాంతపు ప్రత్యేక పంట అన్న ముద్ర, వచ్చినా, అమ్మేకాడ నా కందికీ మందు కొట్టిన కందికీ ఒకటే ధర పలుకుతోంది. పదెకరాలు కౌలుకు పట్టిన మా బావ తనూ చేస్తానంటే దశపర్ణి జోలికి పోవద్దన్నాను. ఆకు కోసి దంచే కైకిలికే ఆయన డబ్బంతా పోతుంది. మొగ్గ మీద గింజల కషాయం వరకు చేసి చూడమన్నాను.