పోర్చుగల్ తీరం వెంట నడక ప్యాకేజీ కొంటున్నారా? డబ్బు కట్టే ముందు ఇది చదవండి

యూకేలో ఉంటున్న మనవాళ్లు చాలామంది ఈ మధ్య పోర్చుగల్‌లోని ఫిషర్‌మెన్స్ ట్రెయిల్ గురించి అడుగుతున్నారు. ఊరి నుంచి ఊరికి నడుస్తూ పోతే మన సామాన్లు వ్యాన్‌లో ముందే చేరిపోయే ప్యాకేజీలు దీనికి బోలెడు అమ్ముతున్నారు. మేం కొన్న ప్యాకేజీలో మాకు చెప్పింది ఒకటి, జరిగింది ఇంకొకటి. ఏజెన్సీ పేరు రాయడం లేదు, డబ్బు వాపసు కోసం మేం పెట్టిన క్లెయిమ్ ఇంకా క్రెడిట్ కార్డు కంపెనీ దగ్గర ఉంది. కానీ ఇలాగే అమ్మేవాళ్లు ఇంకా ఉంటారు కాబట్టి, మీరు పేజీ చూడగానే పసిగట్టగలిగేలా వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. ఆ దారి విషయంలో నాకు ఏ ఫిర్యాదూ లేదు. లిస్బన్‌కి దక్షిణాన అలెంతేజు తీరంలో ఈ దారి పోయే భాగం 1995 నుంచి నేచురల్ పార్క్ కింద ఉంది. అందుకే కిలోమీటర్ల కొద్దీ నడిచినా హోటల్ టవర్లు కనిపించవు. ఒక పక్క ఎత్తైన నల్లటి కొండచరియలు, కింద అట్లాంటిక్, ఇంకో పక్క పొదలు, ఇసుక తిన్నెలు. జాలర్లు చేపలకోసం కొండ అంచులకు వెళ్లే కాలిబాటలే ఇప్పుడు ఈ ట్రెయిల్. మొత్తం లాగోస్ వరకు 226 కిలోమీటర్లు ఉన్నా, ఎక్కువమంది నడిచేది నాలుగు అంచెలు: పోర్టో కోవో నుంచి మిల్‌ఫోంటెస్ 20 కిలోమీటర్లు, అక్కణ్నుంచి అల్మోగ్రావ్ 15, అక్కణ్నుంచి జంబుజేరా 22, చివరికి ఒడెసేష్ 18. సర్దావ్ అనే చోట లైట్‌హౌస్ దగ్గర, సముద్రంలో నిలబడ్డ రాతి స్తంభాల మీద స్టార్క్ జాతి తెల్ల కొంగలు గూళ్లు కట్టుకుంటాయి. కింద అలలు విరిగిపడుతుంటే పైన పిల్లలు ముక్కులు చాపి తిండికోసం అరుస్తుంటాయి. వెళ్లగలిగినవాళ్లు తప్పకుండా వెళ్లాల్సిన చోటు. నా కోపమంతా దాన్ని మాకు అమ్మిన పద్ధతి మీదే.

మేం నలుగురం వెళ్లాం. నేను, మా ఆవిడ ఇక్కణ్నుంచి; అన్నయ్య, వదిన విజయవాడ నుంచి. అన్నయ్యకి యాభై దాటాయి, మోకాలు కొంచెం ఇబ్బంది పెడుతుంది. ఏజెన్సీకి మొదటి ఈమెయిల్‌లోనే ఆ సంగతి చెప్పాను. వాళ్ల పేజీలో ఈ నడకకి 'ఈజీ టు మోడరేట్' అని రాసి ఉంది. ఫోన్‌లో మాట్లాడినమ్మాయి కూడా 'ఫ్లాట్‌గానే ఉంటుందండీ, పెద్దవాళ్లు కూడా చేస్తారు' అన్న అర్థంలో భరోసా ఇచ్చింది. ఎత్తుపల్లాలు తక్కువ, ఆ మాట నిజమే. కానీ ఆ దారిలో అసలు కష్టం ఇసుక. పోర్టో కోవో, మిల్‌ఫోంటెస్ మధ్య చాలాభాగం మెత్తటి ఇసుకలోనే నడవాలి. నాట్లు వేసే మడిలో నడిచినట్టు ప్రతి అడుగూ పీకి పీకి వేయాలి. రోడ్డు మీద గంటకి ఐదు కిలోమీటర్లు నడిచే మనిషి అక్కడ మూడు నడిస్తే గొప్ప. ట్రెయిల్‌ని చూసుకునే రోటా విసెంటినా సంస్థ తన సమాచారంలో ఇసుక గురించి, కొండ అంచుల్లో కళ్లు తిరిగే అవకాశం గురించి దాచకుండా చెప్తుంది. ఏజెన్సీ ఆ రెండు ముక్కలూ తీసేసి, కిలోమీటర్లు మాత్రం ఉంచింది.

ఇక అసలు విషయం. ఈ ప్యాకేజీల్లో మనం కొనేది రెండు: ప్రతి రాత్రీ దారి మీదున్న ఊళ్లోనే పడుకోవడం, గాలి వీపున తోస్తుండగా నడవడం. మాకు రెండూ దక్కలేదు.

గాలి సంగతి ముందు చెప్తాను, ఎందుకంటే దీని గురించి కొనేవాళ్లెవరూ అడగరు. వసంతం చివరి నుంచి వేసవి అంతా ఆ తీరంలో ఉత్తరం నుంచి దక్షిణానికి బలమైన గాలి వీస్తుంది. నొర్తాద అంటారు. పొద్దున కాస్త నెమ్మదిగా ఉండి మధ్యాహ్నానికి పుంజుకుంటుంది. ట్రెయిల్ అంచెల నంబర్లు కూడా ఉత్తరం నుంచి దక్షిణానికే వేశారు. ఏజెన్సీ పేజీలో ఉన్న మ్యాప్ కూడా పోర్టో కోవోతోనే మొదలైంది. బయల్దేరే రెండు వారాల ముందు వచ్చిన ఫైనల్ పేపర్లలో మాత్రం మొదటి రోజు ఒడెసేష్ నుంచి మొదలు, నడక ఉత్తరానికి. ఫోన్ చేసి అడిగితే, పోర్టో కోవోలో ఆ తేదీకి గదులు దొరకలేదట, అందుకని తిప్పేశారట. 'రెండు వైపులా గుర్తులు ఉంటాయి సార్, సీనరీ అదే' అన్నారు. గుర్తులు ఉంటాయి, ఆకుపచ్చ, నీలం గీతలు రాళ్ల మీద, గుంజల మీద రెండు వైపులా కనిపిస్తాయి. ఎండ వీపు వైపు ఉంటుందన్న మేలూ ఉంది. కానీ ఆ గాలిని ఎదురుగా తీసుకోవడం ఎలా ఉంటుందో వాళ్లకి తెలియకుండా ఉండదు. మేం వెళ్లింది మే చివర్లో. మధ్యాహ్నం దాటితే తిన్నెల మీద ఇసుక నేలబారుగా లేచి కాళ్లకి సూదుల్లా గుచ్చుకునేది. మొహానికి చున్నీ చుట్టుకుని, కళ్లద్దాలు తీయకుండా, మాట్లాడితే నోట్లో ఇసుక పడుతుందని మౌనంగా నడిచాం. వదిన టోపీ సముద్రంలో పడింది. అన్నయ్య మోకాలు వాచింది. అదే దారిలో ఎదురుగా వస్తున్నవాళ్లు హాయిగా కబుర్లు చెప్పుకుంటూ పోతుంటే నాకు కడుపు మండిపోయింది.

ఇప్పుడు వసతి. బ్రోచర్‌లో ప్రతి రాత్రికీ ఊరి పేరు, హోటల్ పేరు ఉన్నాయి. పక్కనే చిన్న అక్షరాల్లో 'ఆర్ సిమిలర్', అంటే 'లేదా అలాంటిదే'. ఆ రెండు మాటల కింద వాళ్లు మమ్మల్ని జంబుజేరా, అల్మోగ్రావ్ రెండు చోట్లా కాకుండా ఒడెమీరా దగ్గర ఒక పల్లె ఇంట్లో పెట్టారు. ఒడెమీరా లోపలి ఊరు. సముద్రం అక్కణ్నుంచి కనిపించదు, వినిపించదు. ఆ ఇంటివాళ్లు ఎంతో మంచివాళ్లు, వాళ్లని తప్పుపట్టను. కానీ రోజంతా నడిచి ఊరు చేరాక, సముద్రం ఒడ్డున కూర్చుని సూర్యాస్తమయం చూడాల్సిన సమయంలో మేం రోడ్డు పక్కన టాక్సీ కోసం ఎదురుచూశాం. జంబుజేరాలో చెప్పిన టైమ్‌కి టాక్సీ రాలేదు. ఏజెన్సీ ఇచ్చిన ఎమర్జెన్సీ నంబర్ ఎత్తినవాళ్లకి మా బుకింగ్ ఎవరిదో తెలియదు. చెమట ఆరిపోయి, ఆ గాలికి మా ఆవిడ వణికిపోతుంటే ఒక కేఫ్ యజమాని లోపలికి పిలిచి కూర్చోబెట్టాడు. సామాన్లు ఒక సాయంత్రం మాకన్నా చాలా ఆలస్యంగా వచ్చాయి. అన్నయ్య బీపీ మాత్రలు అందులో ఉన్నాయి. ఎంత టెన్షన్ పడ్డామో చెప్పలేను. మందులు, పాస్‌పోర్ట్, ఒక జత బట్టలు భుజాన ఉన్న సంచిలోనే ఉంచుకోండి, వ్యాన్ ఎంత నమ్మకస్తులదైనా సరే.

ఇండియా నుంచి అమ్మానాన్నల్నో, అన్నదమ్ముల్నో పిలిపించుకునేవాళ్లు ఇంకోటి గమనించాలి. పోర్చుగల్ వెళ్లడానికి వాళ్లకి కావాల్సిన షెంజెన్ వీసాకి ప్రతి రాత్రి ఎక్కడ ఉంటారో కాగితాలు పెట్టాలి. అన్నయ్యవాళ్లు ఏజెన్సీ ఇచ్చిన మొదటి హోటళ్ల జాబితాతో అప్లై చేశారు. వీసా వచ్చాక ఏజెన్సీ జాబితా మార్చింది, మార్చినట్టు మాకు విడిగా చెప్పలేదు, ఫైనల్ పేపర్లలో మేమే కనిపెట్టాం. ఎయిర్‌పోర్ట్‌లో ఎవరూ అడగలేదు, సరే. అడిగి ఉంటే కొత్త కన్ఫర్మేషన్లు చేతిలో లేకుండా వదిన ఏం చెప్పేది? కాబట్టి మార్పు ఉంటే కొత్త బుకింగ్ కన్ఫర్మేషన్లు రాతపూర్వకంగా పంపమని ముందే అడగండి.

తిండి గురించి క్లుప్తంగా. వదిన శాకాహారి అని ఫారంలో రాశాం. మధ్యాహ్నం ప్యాకెట్‌లో ట్యూనా చేప శాండ్‌విచ్ వచ్చింది. అక్కడ చాలా కూరగాయల సూపుల్లో కూడా సాసేజ్ ముక్క పడుతుంది. 'వెజిటేరియన్' అన్న ఒక్క మాట సరిపోదు, మాంసం, చేప రెండూ వద్దని విడివిడిగా రాయించండి. దారి మధ్యలో కొట్లు దాదాపు ఉండవు, నీడ తక్కువ. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, కాస్త పల్లీలు, ఖర్జూరాలు మీవి మీరే మోసుకెళ్లండి.

డబ్బు సంగతి. ఆ ప్యాకేజీ మనిషికి 900 పౌండ్ల పైనే. డిపాజిట్ పోగా మిగతా సొమ్ము బ్యాంక్ ట్రాన్స్‌ఫర్ చేస్తే 5 శాతం తగ్గిస్తామన్నారు. మా ఆవిడ ససేమిరా వద్దంది, మొత్తం క్రెడిట్ కార్డు మీదే కట్టాం. ఇప్పుడు మాకు ఉన్న బలమల్లా అదే. యూకేలో 1974 నాటి కన్స్యూమర్ క్రెడిట్ చట్టం సెక్షన్ 75 ప్రకారం, 100 పౌండ్లు దాటి 30,000 పౌండ్ల లోపు ఖరీదున్నదాన్ని క్రెడిట్ కార్డుతో కొంటే, అమ్మినవాడు మాట తప్పినప్పుడు కార్డు కంపెనీ కూడా బాధ్యురాలే. డిపాజిట్ మాత్రమే కార్డుతో కట్టినా ఇది వర్తిస్తుంది. డెబిట్ కార్డుకి, బ్యాంక్ ట్రాన్స్‌ఫర్‌కి ఈ రక్షణ లేదు. డిస్కౌంట్ చూపించి ట్రాన్స్‌ఫర్ చేయమన్నారంటే మీరు వదులుకుంటున్నది ఏంటో ఒకసారి ఆలోచించుకోండి.

దీంతోపాటు 2018 ప్యాకేజీ ట్రావెల్ నిబంధనలు ఉన్నాయి. వసతి, టాక్సీ, సామాన్ల రవాణా కలిపి ఒకే ధరకి అమ్మినవాళ్లే వాటన్నిటికీ జవాబుదారీ. 'టాక్సీవాడి తప్పు, మాది కాదు' అంటే చెల్లదు. ఏజెన్సీ మాకు మొదట రాసిన జవాబు అచ్చంగా అదే. కాకపోతే మన వైపు నుంచి ఒక పని ఉంది: లోపం కనపడగానే ఆలస్యం చేయకుండా వాళ్లకి తెలియజేయాలి. ఇంటికొచ్చాక తీరిగ్గా రాస్తే 'అప్పుడే చెప్తే సరిచేసేవాళ్లం' అంటారు. మేం ప్రతి సాయంత్రం ఫొటోతో సహా ఈమెయిల్ పెట్టాం. టాక్సీ రాని సాయంత్రం కాల్ చేసిన టైములు ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీసి ఉంచాం. వాళ్లు చివరికి 'గుడ్‌విల్' కింద తర్వాతి ట్రిప్‌కి ఒక వోచర్ ఇస్తామన్నారు. తీసుకోలేదు. వోచర్ ఒప్పుకుంటే గొడవ పరిష్కారమైనట్టే రాయించుకుంటారు, ఆ కింద ఉన్న లైన్లు చదవండి. పోర్చుగల్ కంపెనీ దగ్గర నేరుగా కొనేవాళ్లు, ఆ కంపెనీకి ట్రావెల్ ఏజెన్సీల జాతీయ రిజిస్టర్ నంబర్ ఉందో లేదో చూడండి. ఆర్‌ఎన్‌ఏవీటీ అని వాళ్ల వెబ్‌సైట్ అడుగున ఉంటుంది. అది కనపడకపోతే అక్కడితో ఆగిపోండి.

డబ్బు కట్టే ముందు ఏజెన్సీకి ఈమెయిల్‌లో అడగాల్సినవి, నా ఉద్దేశంలో ఇవి. ఏ రాత్రి ఏ ఊళ్లో, ట్రెయిల్ నుంచి ఎంత దూరంలో? 'సిమిలర్' అంటే అదే ఊళ్లోనేనా, వేరే ఊళ్లో కూడానా? నడక ఏ దిక్కుకి, దాన్ని మార్చే హక్కు మీకుందా, మారిస్తే మేం పూర్తి డబ్బుతో రద్దు చేసుకోవచ్చా? సామాన్లు ఎన్ని గంటలకల్లా చేరతాయి? మిల్‌ఫోంటెస్‌లో మీరా నది దాటడానికి పడవ ఉంది, అది నడవని రోజు వంతెన మీదుగా తిరిగి రావాలి కదా, ఆ రోజు ఏం చేస్తారు? ఫోన్‌లో చెప్పిన జవాబుకి విలువ లేదు. మాతో మాట్లాడినమ్మాయి చెప్పిన ఒక్క మాట కూడా వాళ్ల రికార్డుల్లో లేదన్నారు.

నిజానికి ఈ నడకకి ఏజెన్సీ తప్పనిసరి కాదు. లిస్బన్‌లోని సెట్ రియోస్ బస్టాండ్ నుంచి పోర్టో కోవోకి నేరుగా బస్సులున్నాయి. సామాన్లు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి చేర్చే సర్వీసులు అక్కడ విడిగా దొరుకుతాయి, రోజు చొప్పున కట్టొచ్చు. రోటా విసెంటినా వెబ్‌సైట్‌లో అంచెల వివరాలు, మ్యాప్‌లు, వాళ్లతో కలిసి పనిచేసే గెస్ట్‌హౌస్‌లు ఉన్నాయి. టెంట్ వేసుకుని పడుకుందామనుకోకండి, పార్క్‌లో ఎక్కడపడితే అక్కడ క్యాంపింగ్ నిషిద్ధం. ఈ ఊళ్లలో గదులు తొందరగా నిండిపోయే చిన్న ఊరు అల్మోగ్రావ్. అక్కడ యూత్ హాస్టల్ ఉంది, కొన్ని గెస్ట్‌హౌస్‌లు ఉన్నాయి, అంతే. ముందు ఆ రాత్రికి గది ఖాయం చేసుకుని, తర్వాత మిగతా ఊళ్ల తేదీలు దాన్నిబట్టి వేసుకోండి.