సావో పాలో లిఫ్టు, సాల్వడార్ వడ

బ్రెజిల్‌లో రియో బాగుంది. కొండలూ బీచీ ఫోటోల్లో ఉన్నట్టే ఉన్నాయి, అంతకుమించి రాయను. నా కడుపుమంటంతా సావో పాలోలో తీసుకున్న అపార్ట్‌మెంట్ మీదే. రాత్రికి 310 రియాల్స్, మన డబ్బుల్లో ఐదు వేల దాకా. గది శుభ్రమే. నేనూ మా ఆవిడా లోపలికి రాగానే వాచ్‌మన్ నవ్వుతూ లిఫ్టు తలుపు పట్టుకున్నాడు. వెనకాల బ్యాగులతో వస్తున్న మా బావమరిదిని మాత్రం ఆపి, సర్వీస్ లిఫ్టులో పొమ్మని చెయ్యి చూపించాడు. ముగ్గురం ఒకటేనని సైగలు చేసినా వినలేదు. మా వాడు నాకంటే బాగా నలుపు, అంతే తేడా.

లిఫ్టు పక్కన గోడకి ఓ రేకు ఉంది. ఫోన్‌లో పెట్టి చదివితే, జాతి, రంగు, హోదా చూసి లిఫ్టు దగ్గర వివక్ష చూపిస్తే జరిమానా అని! 1996 నుంచి ఆ ఊళ్లో ఉన్న చట్టమట.

ఓనరుకి మెసేజ్ పెట్టాను. "మా దేశంలో అందరం కలగలిసిన వాళ్లమే, ఇక్కడ అలాంటివి ఉండవు, డెలివరీ బాయ్ అనుకుని ఉంటాడు" అని జవాబు. కలగలిసిన మాట నిజమే, 2022 జనగణనలో 45.3 శాతం మంది తమను పార్డో, అంటే మిశ్రమ వర్ణం, అని రాయించుకున్నారు. మరి నల్లగా ఉన్నవాడు డెలివరీ బాయే ఎందుకయ్యాడు? మిగిలిన రెండు రాత్రుల డబ్బు వెనక్కివ్వలేదు. మా ఆవిడేమో, "హైదరాబాద్‌లో మన పనిమనిషి లక్ష్మిని సర్వీస్ లిఫ్టులో రమ్మనట్లేదా?" అంది. ఆ పూట ఎవరం సరిగ్గా తినలేదు.

ఈశాన్య బ్రెజిల్‌లోని సాల్వడార్‌లో దిగాక కానీ బావమరిది ముఖం విప్పారలేదు. అక్కడి పాత పేట పెలోరిన్యోలో తెల్ల బట్టలూ పూసల దండలూ వేసుకున్న ఒకావిడ అకరజే వేస్తోంది. బొబ్బర్లు నానబెట్టి, పొట్టు తీసి, ఉల్లిపాయతో రుబ్బి, డెండే అనే ఎర్రటి పామాయిల్‌లో వేయించిన వడ. మధ్యకి చీల్చి రొయ్యలు కూరుతుంది. ఒక్కోటి 15 రియాల్స్, మావాడు మూడు లాగించాడు. ఆవిడ మమ్మల్ని వదిలేసి వాడితోనే గడగడా పోర్చుగీసులో మాట్లాడింది, వాడు ఆ ఊరివాడే అనుకుని! సావో పాలోలో వెనక లిఫ్టు చూపించిన రంగే ఇక్కడ చుట్టరికం కలిపింది. కారం వేయనా అని అడిగితే ధైర్యంగా తలూపండి, మన గుంటూరు నాలుకకి అదేం లెక్క కాదు.

అక్కడే రోజారియో దోస్ ప్రేతోస్ అని నీలం రంగు చర్చి ఉంది. 1888 దాకా బానిసత్వం నడిచిన దేశంలో, 18వ శతాబ్దంలోనే నల్లవాళ్ల సంఘం తమ కోసం కట్టుకున్న గుడి అది. మంగళవారం సాయంత్రం ప్రార్థనకి ఆఫ్రికా డోళ్లు మోగుతాయి. గంట ముందే వెళ్లకపోతే నిలబడాలి. టికెట్ లేదు.

సావో పాలోకి ఒక్క రోజు చాలు. మిగిలినవన్నీ సాల్వడార్‌కే ఇవ్వండి, మంగళవారం కలిసొచ్చేలా చూసుకోండి.