కాగితం మీద బాడుగ రూపాయి పెరగలా: ఆరేళ్ళు ఉన్న ఫ్లాట్ గురించి

నెల్లూరు వేదాయపాళెం వైపు ఒక అపార్ట్‌మెంట్‌లో 2019 జూన్ నుంచి ఉంటన్నాం. డబుల్ బెడ్‌రూం, రెండో ఫ్లోరు, మొత్తం 20 ఫ్లాట్లు. బిల్డింగు పేరు చెప్పను, ఇంకా అదే ఇంట్లో కాపురం ఉండాం కాబట్టి. దిగిన మొదటి నెల్లో ఈ ఇంటికి రివ్యూ రాయమని అడిగుంటే అందరి మాదిరే నేనూ గాలి బాగా వస్తాది, స్టేషన్ దగ్గర, పిల్లోళ్ళకి స్కూలు దగ్గర అని చెప్పి ఊరుకునేవాణ్ణి. అయ్యన్నీ ఇప్పటికీ నిజమే, అబద్ధం కాదు. నాకు కృష్ణపట్నం వైపు డ్యూటీ, కంపెనీ బస్సు మినీ బైపాస్ మీదే ఎక్కుతా, ఆ సుఖం కోసమే ఇన్నేళ్ళు కదల్లా.

బాడుగ సంగతికొస్తే, చేరేటప్పుడు 9,000 అని మాట. అగ్రిమెంట్ చూస్తే బాడుగ 8,000, "సౌకర్యాల ఛార్జి" 1,000 అని రెండు లైన్లుగా ఉంది. ఇదేంది సార్ అంటే, మొత్తం ఒకటే గదయ్యా, ఎట్టా రాస్తే ఏంది అన్నాడు ఓనరు. నాకు ఆ రోజు వెలగలా. తర్వాత ఆఫీసులో హెచ్ఆర్ఏ (జీతంలో వచ్చే ఇంటి బాడుగ భత్యం) మీద ట్యాక్స్ మినహాయింపుకి కాగితాలు ఇచ్చేటప్పుడు తెలిసింది, ఏడాదికి బాడుగ లక్ష దాటితే ఇంటి ఓనరు పాన్ నెంబరు ఇవ్వాలి, తొమ్మిదివేలు లెక్కనైతే 1,08,000, దాటిపోద్ది, ఎనిమిదివేలు లెక్కనైతే 96,000 దగ్గర ఆగిపోద్ది. ఆయన పాన్ బయటికి రాకూడదు, అదీ కథ. సౌకర్యాల లైనుకి హెచ్ఆర్ఏ రాదు కాబట్టి ఆ మేరకి నష్టం మాత్రం నాది. (ఇప్పుడు నేను కొత్త ట్యాక్స్ విధానంలోకి మారిపోయా, దాంట్లో హెచ్ఆర్ఏ మినహాయింపే లేదు, ఆ బాధ పోయింది గానీ ఆ లైను మాత్రం పోలా.)

అసలు దెబ్బ ఆ లైనులోనే ఉంది. అగ్రిమెంట్ 11 నెలలే రాస్తారు, రిజిస్ట్రేషన్ జోలికి పోకూడదని. మనం ఏడాదికోసారి పెంచుతారనుకుంటాం, వాళ్ళు 11 నెలలకోసారి పెంచుతారు, ఆరేళ్ళు నిండకముందే, 66 నెలలకే ఆరో పెంపు వచ్చేసింది. ప్రతిసారీ 500, అంతా సౌకర్యాల లైనులోనే. ఇప్పుడు బాడుగ 8,000, సౌకర్యాలు 4,000. కాగితం మీద నా బాడుగ ఆరేళ్ళలో ఒక్క రూపాయి పెరగలా! ఈసారి కాస్త తగ్గించండి సార్ అని అడిగితే "నేను బాడుగ యాడ పెంచినానయ్యా" అని నవ్వకుండా అన్నాడు చూడండి, మా ఆవిడ లోపలికెళ్ళి నవ్వుకుంది.

ఇది ఓనరుతో ఉన్న లెక్క. అసోసియేషన్ లెక్క వేరే. అప్పట్లో మెయింటెనెన్స్ 800, అంతే, దాంట్లోనే వాచ్‌మన్, లిఫ్టు, నీళ్ళ మోటరు, చెత్త అన్నీ. ఇప్పుడు మెయింటెనెన్స్ 1,500, నీళ్ళకి 500, జనరేటరు డీజిల్‌కి 300, పార్కింగ్ 300, లిఫ్టు సర్వీసుకి 200, చెత్తకి 100, వెరసి 2,900. జనరేటరు నెలకి ఎన్ని గంటలు తిరుగుతుందో నాకు తెలుసు, కరెంటు పోయిన రోజులు చేతివేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, అయినా 300 మాత్రం తప్పదు. డీజిల్ బిల్లు చూపించండి అని సెక్రటరీని అడిగితే మీరు టెనెంటు గదా, మీ ఓనరుని అడగమనండి అన్నాడు. ఓనరుని అడిగితే నాకెందుకు, కట్టేది నువ్వే గదా అన్నాడు. ఇంక ఎవుర్ని అడగాల?

నీళ్ళ సంగతి చెప్పకపోతే కుదరదు. 2022లో సంగం బ్యారేజీ, నెల్లూరు బ్యారేజీ రెండూ ప్రారంభించారు, ఇంక నెల్లూరోళ్ళకి నీళ్ళ బాధ ఉండదులే అనుకున్నాం, మా బోరు మాత్రం మే నెలొస్తే గాలి కొడతాది, ట్యాంకరు రావాల్సిందే. వేసవి మూడు నెలలు అని మొదలుపెట్టిన 500, వానాకాలంలో తీసేయడం మర్చిపోయారు, పన్నెండు నెలలూ వసూలు చేస్తానే ఉండారు. తాగే నీళ్ళ క్యాన్లు మళ్ళీ మన జేబులోంచే. 2021 నవంబరులో పెన్నకి వరదొచ్చి పడుగుపాడు దగ్గర హైవే తెగిందే, ఆ వానలకి మా సెల్లార్‌లో నీళ్ళు నిండి మోటరు కాలిపోయింది, కొత్త మోటరుకి ఫ్లాటుకి 1,000 అన్నారు, అది కూడా మాతోనే కట్టించారు. ఆస్తి వాళ్ళది, మోటరు మాది అన్నమాట.

ఒక్క మంచి విషయం ఏందంటే కరెంటు మీటరు ఎవురిది వాళ్ళకే. దీని విలువ ఒంగోల్లో మా చెల్లెలి ఇల్లు చూశాకే తెలిసింది. అక్కడ మూడు పోర్షన్లకి ఒకటే మీటరు, పోర్షన్లకి సబ్ మీటర్లు పెట్టి యూనిట్‌కి 10 రూపాయలు తీసుకుంటాడు ఇంటాయన. 2022లో మార్చిన స్లాబులు చూసుకుంటే మొదటి 30 యూనిట్లు 1.90, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75. మా చెల్లెలు వాడేది 110 యూనిట్లు, సొంత మీటరైతే యూనిట్ల ఖర్చు 350 కూడా కాదు, సర్‌ఛార్జీలు అవీ ఇవీ వేరే అనుకున్నా ఆమె కట్టే 1,100 దరిదాపుల్లోకి రాదు. పోనీ మూడు పోర్షన్లు కలిపి 330 యూనిట్లు ఒకే మీటరు మీద పైస్లాబుకి ఎక్కినా యూనిట్ల ఖర్చు 1,940 లోపే, ఆయన వసూలు చేసేది 3,300. అందుకే ఇల్లు చూడబోతే బెడ్‌రూం కన్నా ముందు మీటరు బోర్డు చూడండి.

ఎన్ని స్టార్లు అంటే ఇంటికి నాలుగు, లెక్కలకి ఒకటి. అప్పుడు నెలకి 9,800 పోయేది, ఇప్పుడు 14,900 పోతాంది. మారదామని బాలాజీ నగర్, రామలింగాపురం రెండూ తిరిగొచ్చాం, అక్కడా ఇవే లైన్లు, అంకెలు ఇంకా పెద్దవి, పైగా మూడు నెలల అడ్వాన్సు, సామాన్లు మోసే ఆటో, రంగులేసినందుకని ఇక్కడ కోసుకునే డబ్బు కలిపితే ఏడాది పెంపు అక్కడే అయిపోద్ది. మా ఆవిడ రొట్టెల పండగకి స్వర్ణాల చెరువులో సొంతింటి రొట్టె పట్టుకుంది, కోరిక తీరితే వచ్చే ఏడు రొట్టె వదలాల, మేము రెండేళ్ళుగా పట్టుకుంటానే ఉండాం.

అన్నట్టు మా ఓనరుదే మూడో ఫ్లోర్‌లో ఇంకో ఫ్లాటు పోయిన వారం ఖాళీ అయింది. గేటుకి టు-లెట్ బోర్డు కట్టుంది, బాడుగ 8,000 మాత్రమే అని. నమ్మబాకండి.