ఫేర్‌పోర్ట్ కన్వెన్షన్ తొలి అయిదేళ్లు: ఒక జంట ఎల్పీ సమీక్ష

ఐలండ్ రికార్డ్స్ సంస్థ 1972లో విడుదల చేసిన ‘ది హిస్టరీ ఆఫ్ ఫేర్‌పోర్ట్ కన్వెన్షన్’ అనే జంట ఎల్పీ (రెండు రికార్డులు, నాలుగు వైపులు), జానపద గీతాలను విద్యుత్ వాద్యాలతో పలికించే బ్రిటిష్ ఫోక్ రాక్ సంకలనాలలో కొత్త శ్రోతలకు నేను మొట్టమొదట సూచించే రికార్డు. 1967లో ఉత్తర లండన్‌లోని మజ్‌వెల్ హిల్‌లో, గిటారిస్టు సైమన్ నికోల్ కుటుంబం వారి ‘ఫేర్‌పోర్ట్’ అనే ఇంట్లో సాధన మొదలుపెట్టిన యువకులలో ఒక్కరు కూడా ఈ సంకలనం వచ్చేనాటికి బృందంలో లేరు. చివరివరకూ మిగిలిన నికోల్ కూడా 1971 చివర్లో తప్పుకున్నారు. మనుషులందరూ మారిపోయి పేరు మాత్రమే నిలిచిన బృందానికి పాటలు ఏరి కూర్చేవారు, ఇన్ని మార్పుల మధ్య ఆ సంగీతాన్ని కలిపి ఉంచినదేమిటో కూడా తేల్చి చెప్పవలసి ఉంటుంది. ఈ జంట ఎల్పీ మూడు వైపుల వరకు ఆ పనిని చాలా చక్కగా చేసింది.

అట్ట మీద రాక్ సంగీత రచయిత పీట్ ఫ్రేమ్ గీసిన బృందం వంశవృక్షం ఉంది. ఎవరు ఎప్పుడు చేరారో, ఎవరు విడిపోయి ఏ కొత్త బృందాన్ని స్థాపించారో గీతలతో చూపే ఈ పటం అలంకారం కోసం వేసినది కాదు. పాటలు ఇంచుమించు కాలక్రమంలో ఉన్నాయి కనుక, గొంతు మారినప్పుడల్లా, ఫిడేలు కొత్తగా వినిపించినప్పుడల్లా అట్ట చూస్తే కారణం తెలుస్తుంది. వినడానికీ చదవడానికీ ఇంత దగ్గరి పొత్తు కుదిరిన సంకలనాలు అరుదు.

అయితే ఆ వృక్షానికి వేరు వంటి తొలి ఆల్బమ్ నుంచి ఒక్క పాట కూడా ఇందులో లేదు. 1968 నాటి ఆ ఆల్బమ్ ఐలండ్‌ది కాదు, పాలిడోర్ అనే మరో సంస్థది. జూడీ డైబుల్ ప్రధాన గాయనిగా ఉన్న దశ ఆ విధంగా పూర్తిగా జారిపోయింది. చరిత్ర అని పేరు పెట్టుకున్న రికార్డుకు ఇది చిన్న లోటేమీ కాదు.

సంకలనం ‘మీట్ ఆన్ ద లెడ్జ్’తో మొదలవుతుంది. బృందం గిటారిస్టు రిచర్డ్ థాంప్సన్ ఇంకా ఇరవై ఏళ్లు నిండకముందే రాసిన ఈ పాట, సింగిల్‌గా విడుదలైనప్పుడు అమ్మకాల పట్టికలోకి ఎక్కలేదు. తరువాతి కాలంలో ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని క్రాప్రెడీ గ్రామంలో బృందం ఏటా నిర్వహించే ఉత్సవాన్ని ముగించే పాటగా అదే స్థిరపడింది. ఆ ఆచారం ఇంకా పుట్టని 1972లోనే దాన్ని మొదటి స్థానంలో నిలిపిన వారి వివేచనను మెచ్చుకోవాలి.

మొదటి వైపు చివర ఉన్న ‘ఎ సెయిలర్స్ లైఫ్’ ఈ రికార్డుకు ఆయువుపట్టు. జూడీ స్థానంలో గాయనిగా వచ్చిన సాండీ డెన్నీ ఫోక్ క్లబ్బుల నుంచి వెంట తెచ్చిన ఈ సంప్రదాయ గీతాన్ని, అప్పటికి అతిథిగానే వచ్చిన డేవ్ స్వార్‌బ్రిక్ ఫిడేలుతో కలిసి, ఒకే టేకులో రికార్డు చేశారు. నిడివి పదకొండు నిమిషాలు. మొదట్లో తాళం స్థిరపడదు. మార్టిన్ లాంబుల్ సింబల్స్ మీద మెల్లగా మోగిస్తూ ఉంటే, సాండీ గొంతు పెంచకుండా, ప్రియుడిని వెతుక్కుంటూ సముద్రం మీదికి వెళ్లిన అమ్మాయి కథను నింపాదిగా చెబుతారు. కథ ముగిసిన తరువాతే అసలు ప్రయాణం మొదలవుతుంది. థాంప్సన్ గిటారు ఒక పదబంధాన్ని వేస్తే ఫిడేలు దాన్ని అందుకుని కొంచెం వంచి తిరిగి ఇస్తుంది, క్రమంగా డ్రమ్స్ నడక అందుకుంటాయి, ఎవరూ ఎవరినీ దాటిపోవాలని చూడరు. పాత గీతానికి విద్యుత్ వాద్యాలను పైపూతగా కాక ఊపిరిగా ఇవ్వవచ్చునని ఆ బృందం గ్రహించింది ఇక్కడే అని నేను నమ్ముతాను.

ఆ పాట ఉన్న ఆల్బమ్ 1969 జూలైలో విడుదలయ్యే నాటికి లాంబుల్ లేరు. మే 12న ఎమ్1 రహదారిపై బృందం వ్యాను ప్రమాదానికి గురై ఆయన మరణించారు. అప్పటికి ఆయన వయసు పందొమ్మిదేళ్లు. కొనసాగాలని నిర్ణయించుకున్న మిగిలినవారు, డ్రమ్స్‌పై డేవ్ మాటక్స్‌నూ శాశ్వత సభ్యుడిగా స్వార్‌బ్రిక్‌నూ చేర్చుకుని, హాంప్‌షైర్‌లోని ఫార్లే చేంబర్లేన్‌లో ఒక ఇంట్లో ఉండి తయారుచేసిన ఆల్బమే ‘లీజ్ అండ్ లీఫ్’. దాని నుంచి తీసుకున్న ‘మాటీ గ్రోవ్స్’, ‘క్రేజీ మాన్ మైకేల్’ రెండో వైపు ముగింపులో పక్కపక్కనే ఉన్నాయి. మొదటిది శతాబ్దాల నాటి గాథ, రెండోది థాంప్సన్, స్వార్‌బ్రిక్ కొత్తగా కట్టినది. వెంటవెంటనే వింటే వాటి మధ్య అతుకు కనబడదు, కూర్పరులు కోరుకున్నదీ అదే అయి ఉంటుంది.

సాండీ, బేస్ గిటారిస్టు ఆష్లీ హచింగ్స్ వెళ్లిపోయిన తరువాతి మూడో వైపు బలహీనంగా ఉంటుందని అనుకునేవారికి ‘స్లాత్’ సమాధానం చెబుతుంది. తొమ్మిది నిమిషాలకు పైగా సాగే ఈ యుద్ధ గీతంలో గిటారు, ఫిడేలు మళ్లీ ఎదురెదురుగా నిలుస్తాయి. ఈసారి వాటి సంభాషణలో బరువు ఎక్కువ. ఏ ఆల్బమ్‌లోనూ చేరని ‘నౌ బీ థాంక్‌ఫుల్’ అనే 1970 నాటి సింగిల్ కూడా ఇక్కడే దొరకడం ఆనాటి కొనుగోలుదారులకు నిజమైన మేలు.

నాలుగో వైపు మాత్రం నన్ను నిరాశపరుస్తుంది. థాంప్సన్ 1971 ఆరంభంలోనే విడిపోయారు కనుక ఫిడేలుకు దీటుగా బదులు పలికే గిటారు ఇక్కడ లేదు. అంతకంటే పెద్ద పొరపాటు ‘బాబకోంబ్ లీ’ ఆల్బమ్‌ను ముక్కలు చేయడం. హత్యానేరంపై ఉరిశిక్ష పడి, 1885లో ఎక్సెటర్ జైలులో ఉరికంబం తలుపు మూడుసార్లూ తెరుచుకోకపోవడంతో ప్రాణాలతో మిగిలిన జాన్ లీ కథను ఆ ఆల్బమ్ ఆద్యంతం ఒకే ధారగా చెబుతుంది. బాల్యం, నేరారోపణ, చెరసాల రాత్రులు వినకుండా ఉరి ఘట్టానికి చేరుకున్న శ్రోతకు ఆ మూడు ప్రయత్నాల భయం ఎలా తెలుస్తుంది? ఆ స్థలాన్ని ‘ఫుల్ హౌస్’ ఆల్బమ్ పాటలకు ఇచ్చి ఉంటే రికార్డు చివరిదాకా నిలబడేది.

1974లో సాండీ తిరిగి రావడం, 1979 వీడ్కోలు కచేరీ, ఆ తరువాతి పునరాగమనం సహజంగానే ఇందులో లేవు. తొలి పదేళ్లను వివరంగా వినాలనుకునేవారికి 2017లో వచ్చిన ఏడు సీడీల ‘కమ్ ఆల్ యీ’ ఉంది, కాని అది ఇప్పటికే ఈ సంగీతంతో పరిచయం ఉన్నవారి కోసం. కొత్తగా మొదలుపెట్టేవారు ఈ జంట ఎల్పీని, వీలైతే వంశవృక్షం చెక్కుచెదరని పాత ప్రతిని తీసుకోవాలి. నాలుగో వైపుకు బదులు ‘బాబకోంబ్ లీ’ని విడిగా, మొదటి పాట నుంచి చివరి పాట దాకా ఒకే విడతలో వినాలి.